శిల్పి పేరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన పారిస్ యాత్ర వ్యాసం చదివాను. ఒపెరా భవనం ముందున్న ‘నాట్యం’ శిల్పం ఫొటో పెద్దగా వేశారు, సంతోషం. కానీ భవనం కట్టిన షార్ల్ గార్నియే పేరు మూడుసార్లు వచ్చింది, శిల్పం చెక్కిన జాన్-బాతీస్త్ కార్పో పేరు ఒక్కసారీ రాలేదు. ముప్పై ఏళ్లు బళ్లో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, మనసు ఊరుకోక రాస్తున్నాను.

కార్పో 1827లో ఫ్రాన్స్‌లోని వలాన్‌సియెన్‌లో ఒక తాపీమేస్త్రి ఇంట పుట్టాడు. పారిస్‌లో లలితకళలు నేర్పే ఎకోల్ దె బోజార్‌లో చదువుకుంటూ, రోమ్‌కి పంపే బహుమతి కోసం ఏళ్ల తరబడి పోటీ పడ్డాడు. అది చేతికొచ్చేసరికి 1854. రోమ్‌లో ఉండగా మొదలుపెట్టిన ‘ఉగొలీనో’తో పేరొచ్చింది. ఆకలికి బిడ్డలు కళ్లముందే వాలిపోతుంటే తండ్రి ఉగొలీనో తన వేళ్లు తానే కొరుక్కుంటూ కూర్చున్న శిల్పం అది.

‘నాట్యం’ సంగతి వేరు. 1869లో దాన్ని జనం ముందు పెట్టగానే పెద్ద గొడవ. బట్టల్లేకుండా నవ్వుతూ గిర్రున తిరుగుతున్న ఆడవాళ్లేమిటని పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆగస్టులో ఒక రాత్రి ఎవరో సిరా సీసా విసిరికొట్టారు. శిల్పం తీసేయాలని తేల్చి, గ్యుమరీ అనే మరో శిల్పికి పని అప్పగించారు. ఇంతలో 1870లో ఫ్రాన్స్‌కీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది, ఆ గ్యుమరీ కూడా చనిపోయాడు. అలా కార్పో శిల్పం ఉన్నచోటే ఉండిపోయింది. ఆయన మాత్రం 1875లో, 48 ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఇంకో సవరణ. మీరు ‘అసలు శిల్పం’ అని రాశారు. పొగకు, వానకు రాయి తినేస్తోందని అసలుదాన్ని 1964లో దించేశారు. ఇప్పుడక్కడున్నది పోల్ బెల్మోండో చెక్కిన నకలు. సినిమా నటుడు జాన్-పోల్ బెల్మోండో తండ్రి ఆయన. అసలుది ఓర్సే మ్యూజియంలో ఉంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు దాని ముందు గంటసేపు నిలబడ్డాను. మధ్యలో కుర్రవాడు కంజీర పైకెత్తి ఉంటాడు, చుట్టూ ఆడవాళ్లు చేతులు కలిపి తిరుగుతుంటారు. ఆ పరుగంతా రాతిలోనే ఉందంటే దగ్గర నిలబడినా నమ్మబుద్ధి కాలేదు.

మన దగ్గరా ఇదే తీరు. విగ్రహావిష్కరణ వార్తలో ఆవిష్కరించినవారి పేరు, దాతల పేర్లు, ఎన్ని అడుగులో, ఎంత ఖర్చో అన్నీ ఉంటాయి. చేసినవాడి పేరుండదు. శిలాఫలకం మీదా అంతే. మా తెనాలిలో విగ్రహాలు చేసే ఒక కుర్రవాడు, తను మూడు నెలలు కష్టపడి చేసిన విగ్రహం వార్త వచ్చిందని పొద్దున్నే పేపర్ కొన్నాడు. మట్టి ఆరని వేలితో ఒక్కో లైనూ వెతికి, ఏమీ అనకుండా మడిచి పక్కన పెట్టాడు.

ఆ వ్యాసానికి సవరణ వేయండి, కార్పో, బెల్మోండో ఇద్దరి పేర్లతో. ఇకమీదట విగ్రహాల వార్తలు పంపే మీ విలేకరులకు శిల్పి పేరు అడిగి రాయమని చెప్పండి.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి