కాకుల కోసం కాల్చిన దేవదూతలు

నాన్నకు,

ఇక్కడ నేను కులాసా. మొన్న ఆదివారం డ్యూటీ లేకపోతే ఇంగ్లండు సఫోక్‌లో బ్లైత్‌బరో అనే ఊరికి వెళ్ళొచ్చాను. ఊరు చూస్తే పట్టుమని నాలుగు వీధులు లేవు, అందులో హోలీ ట్రినిటీ చర్చి మాత్రం కోటలా ఉంది. టవర్ 1300ల నాటిది, మిగతాది చాలావరకు 1400లలో కట్టారు. గోడలకు ఈ వైపు దొరికే చెకుముకి రాయి వాడారు.

రాయి సంగతి నీకెందుకులే, కప్పు గురించి చెప్తాను. మెడ పట్టేసేదాకా పైకే చూశాను. ఒక్కో అడ్డదూలం నడిమధ్యన రెక్కలు చాచిన దేవదూతలు ఇద్దరిద్దరుగా, వీపుకి వీపు ఆనించి ఉన్నారు. ఒకరి చూపు తూర్పుకి, ఇంకొకరిది పడమటికి. అంతా చెక్కే. వెలిసిపోయినా పాత రంగులు ఇంకా ఉన్నాయి.

వాళ్ళ ఒంటినిండా తూటా దెబ్బలట. 1644లో డౌసింగ్ అనే ఆయన చర్చిల్లో బొమ్మలు తీయించేస్తూ ఇక్కడికీ వచ్చాడు. ఆయన మనుషులే కాల్చారని చాలాకాలం చెప్పుకున్నారు. తీరా మరమ్మతుల్లో దొరికిన సీసం గుళ్ళు చూస్తే 1700ల నాటివి! కప్పులో చేరిన చిన్నజాతి కాకుల్ని కాల్చినందుకు చర్చివాళ్ళే కూలి ఇచ్చినట్టు లెక్కల పుస్తకంలో ఉంది. మన షెడ్డులో పావురాలతో నువ్వు పడే తిప్పలు గుర్తొచ్చి నవ్వాగలేదు.

1577 ఆగస్టు 4న పెద్ద గాలివానకి టవర్ మీది శిఖరం కూలి కప్పులోంచి లోపల పడింది. ఒక మనిషి, ఒక పిల్లాడు పోయారు. ఆ రోజు సైతాను నల్లకుక్కై వచ్చాడనీ, ఉత్తరం తలుపు మీది మచ్చలు దాని గోళ్ళవేననీ ఇక్కడి కథ. నాకైతే అవి గీరినట్టు లేవు, కావాలని దీపం సెగ పెట్టి కాల్చినట్టున్నాయి. చెక్క సంగతి నీకు తెలిసినంత నాకు తెలీదు, నువ్వే చూసి చెప్పు.

బల్లల చివర్ల మీద పాపాల్ని మనుషులుగా చెక్కారు. బద్ధకం మంచం దిగలేదు, తిండిపోతు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు, తాగుబోతు కాళ్ళు శిక్షగా చెక్క బొండలో బిగించారు.

నీకు ఫోన్‌లో ఆనవు కదా, అందుకే ఫొటోలు కడిగించి కవర్లో పెట్టాను. తాగుబోతుది మాత్రం బాబాయికి చూపించకు.

నీ
చిన్నోడు