పొట్టేలు ఖీమాకు పావుగంట చాలదు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం వంటల పేజీలో ‘షెపర్డ్స్ పై’ అనే వంటకం వేశారు. ఇంగ్లండు వంటే అయినా మన చేతికి అందనిదేమీ కాదు. అడుగున ఖీమా, పైన మెదిపిన ఉర్లగడ్డ (బంగాళాదుంప), ఆపైన ఓవెన్ సెగ, అంతే. కానీ అందులో రాసినట్టు పచ్చి ఖీమాను పావుగంట ఉడికించి దించితే, కడప అంగళ్లలో దొరికే మాంసం పంటికి తెగదు.

ఆ పావుగంట లెక్క ఊరికే రాలేదు. కాల్చిన గొర్రె మాంసం మిగిలితే మరునాడు వాడుకోవడానికి ఇంగ్లండు ఇళ్లలో ఇలాంటి వంటకం చేసేవారు. మాంసం అప్పటికే ఉడికి ఉండేది కాబట్టి వేడెక్కితే చాలు. ఇప్పుడు అక్కడ పచ్చి ఖీమాతో చేసినా అది ఎక్కువగా ఏడాది నిండని గొర్రెపిల్లది. మనకు దొరికేది ముదురు పొట్టేలు, లేకుంటే మేక. దీనికి మూతపెట్టి సన్నసెగ మీద నలభై నిమిషాలు పట్టాల్సిందే. కుక్కర్‌లో అయితే మూడు విజిళ్లు.

నలుగురి రాత్రి భోజనానికి అర కిలో ఖీమా, 800 గ్రాముల ఉర్లగడ్డలు, రెండు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఒక పెద్ద క్యారెట్, గుప్పెడు పచ్చి బఠాణీ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక టమోటా సరిపోతాయి. భుజం కండ తీసుకుని, కాస్త కొవ్వు ఉంచి, కత్తితో కొట్టించుకోవడం మేలు. మిషన్‌లో రెండుసార్లు తిప్పితే మెత్తటి ముద్దయి పెనంలో గడ్డలు కడుతుంది. కడగాలనుకుంటే కొట్టించక ముందే, కండగా ఉన్నప్పుడే కడిగి తుడవాలి. ఖీమా అయ్యాక కడిగితే పట్టిన నీరు ఎంత పిండినా పోదు. పెనంలో వేయగానే ఆ నీరంతా బయటికొచ్చి, మాంసం వేగడానికి బదులు ఉడికి తెల్లబడుతుంది.

పెనం బాగా కాగాక ఖీమాను రెండు వాయిలుగా వేయించాలి. ఒక్కసారే కుమ్మరిస్తే సెగ చల్లారి మళ్లీ నీరే ఊరుతుంది. వేసి కదపకుండా రెండు నిమిషాలు వదిలేస్తే అడుగు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఈ వంటలో రుచి సగం అక్కడే ఉంది. ఖీమా తీసి, అదే కొవ్వులో ఎర్రగడ్డ, క్యారెట్, వెల్లుల్లి మగ్గించి, టమోటా వేసి, ఖీమా మళ్లీ కలిపి, ఒక పెద్ద చెంచా మైదా చల్లి, 300 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయాలి. ఉప్పు, ఒక బిర్యానీ ఆకు, చిన్న చెంచాడు మిరియాల పొడి. కుక్కర్‌లో అయితే నీళ్లు సగం చాలు, ఆవిరి బయటికి పోదు కదా. మైదా మాత్రం మూత తీశాక కొంచెం నీళ్లలో కలిపి పోసి రెండు నిమిషాలు ఉడికించాలి, ముందే వేస్తే అడుగంటుతుంది. బఠాణీ చివర్లో. ఈ వంటలో వేసే పుల్లటి ఇంగ్లీషు సాస్, వర్సెస్టర్‌షైర్ సాస్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ఆ సాస్‌లోనూ చింతపండు ఉంటుంది కాబట్టి చెంచాడు చిక్కటి చింతపండు గుజ్జు, చిటికెడు బెల్లం, చెంచాడు సోయా సాస్ వేస్తే పని జరిగిపోతుంది. గరం మసాలా, ధనియాల పొడి వద్దు. వేస్తే మామూలు ఖీమా కూర మీద ఉర్లగడ్డ పరిచినట్టే ఉంటుంది. కారం లేనిదే ముద్ద దిగనివాళ్లకు పక్కన ఎర్రకారం పెట్టండి.

గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే ఆ గీత రెండు మూడు సెకన్లు నిలబడాలి. వెంటనే మూసుకుపోతే ఇంకా పల్చగా ఉన్నట్టే. పల్చటి ఖీమా మీద, అందులోనూ వేడివేడిగా ఉన్నప్పుడే ఉర్లగడ్డ ముద్ద పరిస్తే అది అడుగుకు దిగిపోతుంది. అరగంట చల్లారనివ్వాలి.

ఇక ఉర్లగడ్డ. గోరుతో గీకగానే పొట్టు ఊడొచ్చే కొత్త గడ్డలు జిగురెక్కుతాయి. మందపు పొట్టున్న పాతవి ఏరుకోండి. పొట్టుతోనే, నీళ్లలో మునగకుండా చిల్లుల గిన్నెలో ఆవిరి మీద ఉడికిస్తే నీరు పట్టదు. మీ వంటల పేజీ మిక్సీలో తిప్పమంది, అదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. బ్లేడు తిరిగితే పిండి కణాలు పగిలి ముద్ద బంకలా సాగుతుంది. ఆ తర్వాత దాన్ని బాగుచేసే దారి లేదు. మన ఇళ్లలో మురుకుల గొట్టం ఉంది కదా, సన్న కారప్పూస బిళ్ల వేసి పొట్టు తీసిన గడ్డలను వేడిమీదే ఒత్తండి. ఒక్క ఉండ మిగలదు. అందులో 50 గ్రాముల వెన్న, ఉప్పు, 80 మిల్లీలీటర్ల వేడి పాలు, ఒక గుడ్డు పచ్చసొన వేసి గరిటెతో నెమ్మదిగా కలపాలి. చల్లటి పాలు పోస్తే ముద్ద బిగుసుకుంటుంది.

పరిచేటప్పుడు ముందు గిన్నె అంచుల వెంబడి, తర్వాత మధ్యలో. అంచు మూసుకోకపోతే పులుసు అక్కడి నుంచి పొంగి పైకొస్తుంది. పైన ఫోర్కుతో గీతలు గీస్తే ఆ గట్లు ఎర్రగా కాలతాయి. ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌ను) పది నిమిషాలు ముందే వేడిచేసి, 200 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు పై రాడ్ ఒక్కటే. అంచుల్లో బుడగలు రావాలి. తీశాక పది నిమిషాలు ఆగకుండా కోస్తే ముక్క నిలబడదు.

ఓవెన్ లేనివాళ్ల సంగతి మీ పేజీ ఎత్తనే లేదు. దమ్ బిర్యానీకి చేసినట్టే, మందపాటి ఇనుప పెనం మీద స్టీలు గిన్నె పెట్టి, పళ్లెం మూసి, పళ్లెం మీద నిప్పులు పోస్తే పైభాగం చక్కగా కాలుతుంది. కింద సన్నసెగ చాలు. గాజు గిన్నె మాత్రం పొయ్యి మీద పెట్టకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్‌లోనూ పెట్టకూడదు, పగులుతుంది. పొద్దున్నే సిద్ధం చేసి రాత్రికి కాల్చుకునేవాళ్లు గిన్నెను అరగంట ముందే బయట పెట్టి, ఓవెన్‌లో 40 నిమిషాలు ఉంచాలి. మిగిలినదాన్ని మన ఎండాకాలంలో గంటలోపే ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

మీకు ఒక విన్నపం. కప్పుల లెక్క మాని గ్రాములు వేయండి, గిన్నె కొలత కూడా వేయండి. పైన చెప్పిన పాళ్లకు 20 సెంటీమీటర్ల చదరపు గిన్నె, లోతు 5 సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా వెడల్పు గిన్నె తీసుకుంటే ఉర్లగడ్డ పొర పలచబడి, ఎర్రబడకముందే ఎండిపోతుంది.

– ఒక పాఠకురాలు, కడప