ఈస్టరు నాడే సండేస్కూలుకు సెలవా?

సంపాదకుడు గారికి,

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ప్రసంగాలు. ఆయన తిరిగి లేచిన ఈస్టరు ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో పూలు, కొవ్వొత్తులు, ప్రార్థన. ఆపైన గుడిలో పెద్ద ఆరాధన, ఇంటికెళ్లి బిరియానీ. గోదావరి డెల్టాలో అటు నరసాపురం నుంచి ఇటు అమలాపురం దాకా చాలా సంఘాల్లో పండగ ఇలాగే నడుస్తుంది. ఇందులో పిల్లల పాఠానికే చోటు లేదు. టీచర్లు కూడా మూడింటికి లేచినవాళ్లే కదా అని ఆవేళ సండేస్కూలు ఎత్తేస్తారు. తరవాత పరీక్షలు, సెలవులు, అమ్మమ్మగారి ఊళ్లు. దాంతో కొరడా దెబ్బలు, మేకులు, ముళ్ల కిరీటం గురించి గడగడా చెప్పే పిల్లాడు ఆదివారం పొద్దున ఏం జరిగిందని అడిగితే "లేచాడండి" అని ఊరుకుంటాడు. సమాధి దగ్గరికి ముందు ఎవరెళ్లారో, లోపల ఏం కనిపించిందో తెలియదు. శుక్రవారంతో ఆగిన కథలో పసివాళ్లకు మిగిలేది భయమే.

మా మనవి చిన్నది. తెల్లవారుజాము ప్రార్థన ఆరున్నరకు అయిపోతే, పెద్ద ఆరాధన తొమ్మిదికి గాని మొదలుకాదు. మధ్యలో పిల్లలకు నాలుగు ఇడ్లీలు పెట్టి అరగంట కూర్చోబెట్టండి. ఆ అరగంటకు యోహాను సువార్త 20వ అధ్యాయంలో మొదటి 18 వచనాలు చాలు. చదివేముందు సమాధి ఎలా ఉండేదో చెప్పాలి. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీరు. మన పిల్లలు చూసినవి మట్టిలో తవ్వి పైన సిమెంటు దిమ్మె కట్టిన సమాధులే. అందుకే రాయి దొర్లిందంటే దిమ్మె పైకి లేచినట్టు బొమ్మ వేస్తారు. యేసును పెట్టింది రాతిలో తొలిచిన గదిలో. దాని గుమ్మం పైన కాదు, పక్కన ఉంటుంది, వంగి లోపలికి చూడాలి. రాయి ఆ గుమ్మానికి అడ్డం. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహల ఫొటో చూపించండి. అవి బౌద్ధులవే అయినా, కొండను తొలిస్తే గది ఎలా వస్తుందో పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

తరవాత ఒక పాత పంచె, ఒక తువ్వాలు తెచ్చి పెట్టండి. నారబట్టలు ఒకచోట, తలకు కట్టిన రుమాలు వేరేచోట చుట్టిపెట్టి ఉందని యోహాను రాశాడు. పిల్లలచేతే అలా పెట్టించండి. దొంగలు శవాన్ని ఎత్తుకుపోతే బట్టలు విప్పి, రుమాలు చుట్టి పెట్టి పోతారా అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. అడిగేదాకా ఆగండి, మీరు ముందే చెప్పేయకండి.

నాటకాల సంగతి. మన స్టేజీల మీద పొగ, లైట్లు, తెల్లంగీలో యేసు బయటికి రావడం తప్పనిసరి. నాలుగు సువార్తల్లో ఏదీ ఆయన లేచే క్షణాన్ని వర్ణించలేదు, చూసినవాళ్లు ఉన్నట్టూ రాయలేదు. అందులో ఉన్నది ఖాళీ సమాధి, ఆ తరవాత కనబడటం. రాయి ఎవరు దొర్లిస్తారా అనుకుంటూ సుగంధ ద్రవ్యాలు పట్టుకెళ్లిన ఆడవాళ్ల దగ్గర నాటకం మొదలుపెడితే ఖర్చూ తక్కువ, ఆడపిల్లలకు మంచి పాత్రలూ దొరుకుతాయి. కొరడా దెబ్బల సినిమాలు మాత్రం ఏడెనిమిదేళ్లలోపు పిల్లలకు వేయకండి. రాత్రి ఉలిక్కిపడి లేచేవాళ్లకు పునరుత్థానం, అంటే యేసు తిరిగి లేవడం, చెప్పినా తలకెక్కదు.

శుక్రవారం మూడింటికి చనిపోయి ఆదివారం తెల్లారి లేస్తే మూడు రోజులెలా అయ్యాయని నాలుగో తరగతి పిల్లలు లెక్క అడుగుతారు. యూదులకు రోజు సాయంత్రంతో మొదలవుతుంది, ముక్క రోజునూ రోజుగానే లెక్కిస్తారు. మన దగ్గర శుక్రవారం పోయినవాళ్లకు మూడో రోజు కార్యం ఆదివారం వచ్చినట్టేనని చెబితే చాలు. తేదీ ఏటా ఎందుకు మారుతుందనేదీ వాళ్లకు అందేదే. మార్చి 21న గాని, ఆ తరవాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టరు. చాలా ఏళ్లు అది చైత్ర పున్నమి, కొన్నిసార్లు ఫాల్గుణ పున్నమి. 2024లో హోలీ వెళ్లిన ఆరో రోజే ఈస్టరు వచ్చింది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28.

చిన్నవాళ్లకు పళ్లెంలో తోట బాగా పనికొస్తుంది. మట్టల ఆదివారం, అంటే ఈస్టరుకు ముందు ఆదివారం నాడు మొదలుపెట్టాలి. అడుగు వెడల్పు అంచు పళ్లెం, అడుగున మూడు నాలుగు చిల్లులు. రెండు పాళ్లు కాలవ ఒండ్రు, ఒక పాలు ఇసుక కలిపి మూడు వేళ్ల మందాన పోయండి. చిన్న మట్టి ముంతను పక్కకు పడుకోబెట్టి, మూతి మాత్రం కనబడేలా పైన మట్టి కప్పితే సమాధి. మూతికి చదును రాయి. రాత్రి నానబెట్టిన గుప్పెడు మెంతులు చల్లి, పైన పల్చగా మట్టి, రెండు పూటలా చేత్తో చిలకరింపు, వరండా నీడ. పెసలు వద్దు, అవి శనివారానికే సాగి వాలిపోతాయి. ఉత్త చేలో మట్టి పోస్తే అట్టకట్టి పగులుతుంది. చిల్లులు లేకపోతే కుళ్లు వాసన. శుక్రవారం సాయంత్రం రాయి మూయించండి, శనివారం ఏ పాఠమూ చెప్పకండి. ఆదివారం పిల్లలు లేచేసరికి పెద్దవాళ్లు రాయి జరిపి లోపల తెల్లగుడ్డ ముక్క పెట్టాలి.

ఈ తోట దగ్గర టీచర్లు గింజ భూమిలో పడి చస్తేనే ఫలిస్తుందన్న యేసు వాక్యం ఎత్తుకుంటారు. 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టిన (మూటగట్టి మొలకెత్తించిన) వరి విత్తనాన్ని చూసిన రైతుబిడ్డ "చచ్చిన విత్తనం మొలవదండి" అంటాడు. గద్దించకండి, వాడన్నది నిజమే. భూమిలో పడిన గింజ గింజగా మిగలదు, ఒంటిగానూ ఉండదు, అదే అక్కడి మాట అని చెప్పండి.

సమాధుల తోటలో కొవ్వొత్తిని కొబ్బరి చిప్పలో ఇసుక పోసి నిలబెట్టండి. నైలాను గౌన్ల పిల్లలను ఆ వరసల మధ్య ఒంటరిగా వదలొద్దు. "మామ్మ ఎప్పుడు లేస్తుంది?" అని అడిగితే "రేపో ఎల్లుండో" అని ఊరించవద్దు. ఆ రోజు దేవుడికే తెలుసు, మనకు తెలియదు అనడమే సరైన జవాబు. ఫోన్లలో చూసి రంగు గుడ్లు అడిగితే హోలీ రంగులు వాడకండి. రెండు గుప్పిళ్ల ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే ఎర్రటి గుడ్లు వస్తాయి. పూర్వం ఉపవాస దినాల్లో గుడ్లు మానేవారు, పండగకు అవి పోగుపడి ఉండేవి. కుందేలు జర్మనీ వైపు నుంచి వచ్చిన వేడుక, దానికి పాఠం అక్కర్లేదు.

పునరుత్థానం తరవాత 40 రోజులు యేసు శిష్యులకు కనబడ్డాడు. 2026లో ఆ 40 రోజులూ మే 14 దాకా ఉంటాయి. మన వీబీఎస్‌లు (వేసవి సెలవుల బైబిలు బడులు) పడేది దాదాపు ఆ రోజుల్లోనే. లేచిన యేసు ఇద్దరు శిష్యులతో నడిచిన ఎమ్మాయు దారి సుమారు 11 కిలోమీటర్లు, పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లినంత. ఒడ్డున నిప్పుల మీద చేప కాల్చి పెట్టడం, 153 పెద్ద చేపలు పడినా వల చినగకపోవడం కూడా ఆ రోజుల సంగతులే. వలలు బాగుచేసే ఇళ్ల పిల్లలకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? లెంటు (ఈస్టరు ముందు ఉపవాస దినాలు) పాటించని సంఘాలకు కూడా ఇందులో అభ్యంతరం ఉండదు. వీబీఎస్ పుస్తకాలకు ఆర్డరు పెట్టకముందే ఈ విషయం కమిటీలో పెట్టాలని పాస్టరుగార్లకు, ఈస్టరు ఆదివారం ఉదయం స్పెషల్ క్లాసులు పెట్టొద్దని ప్రైవేటు బడుల యాజమాన్యాలకు మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాం.

– కొందరు సండేస్కూలు టీచర్లు, పాలకొల్లు