మూడో లాంతరు గుర్తున్నాడా?

విజయనగరం

ఒరేయ్ రెండో లాంతరూ,

నీ ఉత్తరానికి నాలుగు నెలలుగా జవాబు రాయలేదు, క్షమించు. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, మళ్ళీ పేపరు చదువుకుంటోంది. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్క సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

పోయిన సోమవారం బీఎస్సీ రెండో సంవత్సరం వాళ్ళకు పాఠం చెబుతున్నాను. ఆఫీసు గుమాస్తా కాగితం పట్టుకుని వచ్చాడు. స్కాలర్‌షిప్‌కు వేలిముద్రలు వేయాలట. గుమ్మంలో నిలబడే "ఎస్టీలందరూ లేవండి" అన్నాడు. నలుగురు లేచారు. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేవలేదు. సీతంపేట కొండల మీది సవర పిల్ల. ఏడాదిన్నరలో ఆమె గొంతు నేను సరిగా విన్నదే లేదు. "నిన్నేనమ్మా" అన్నాడాయన. ఆ పిల్ల తలెత్తి, "పేరు పిలవండి సార్, లేస్తాను" అంది.

అంతే. గొంతు పెంచలేదు, కళ్ళు దించలేదు. చెమట పట్టింది మాత్రం నాకు. ఎందుకో నీకు వేరే చెప్పాలా? ఇరవై రెండేళ్ళ కిందట మన తరగతిలో ఇలాగే పిలిస్తే, మన ముగ్గురు స్నేహితుల్లో మూడోవాడు, మన మూడో లాంతరు, లేచి నిలబడ్డాడు. వెనక బెంచీలో ఎవరో "కోటా సీటు" అని నవ్వారు. నువ్వూ నేనూ పుస్తకాల్లోకి తలలు దించుకున్నాం. సిరిమాను పండుగ చూసి ఊరికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఇంటి దగ్గర ఇబ్బందులై ఉంటాయి అనుకున్నాం. అలా అనుకోవడం మనకు తేలిక కదా.

గుమాస్తా చేతిలో కాగితం తీసుకుని నేనే చదివాను, పేర్లు మాత్రమే. తన పేరు రాగానే లేచింది.

సాయంత్రం ఆమెతో మాట్లాడాను. ఆ ఊళ్ళో డిగ్రీకి వచ్చిన మొదటి పిల్ల. ఇంట్లో సవర, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. "అర్థం కాలేదని అడిగితే వీళ్ళింతే అంటారని అడగను సార్" అంది. ఆ తర్వాత చెప్పింది విను. కెమిస్ట్రీ ల్యాబులో తోటివాళ్ళు బ్యూరెట్, అదే ద్రావణం చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం, ముట్టుకోనివ్వరట. గాజు సామాను కడగడమే ఆమె వంతు. నా ల్యాబులోరా! నేను ఆ బల్లల మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆమె రికార్డులో సంతకాలు పెట్టింది నేనే.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931 నాటికి ఆ భాష వ్యాకరణం అచ్చయింది. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తున్నాం. ఒక్క సవర మాటైనా నాకు రాదు.

రాత్రి కూర్చుని యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనలు మొత్తం చదివాను. తరగతిలో కులం, తెగ పేర్లు చదవడం, రిజర్వేషన్ విద్యార్థులని ముద్ర వేయడం, ల్యాబులో పని ఇవ్వకుండా ఊరికే ఉంచడం, అన్నీ వివక్షేనని విడివిడిగా రాసి ఉన్నాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. మా దగ్గరా ఉన్నారు. ఆ అధికారి ఎవరో మా తరగతిలో ఒక్కరికీ తెలియదు. ప్రిన్సిపాల్ గారి ముందు ఆ కాగితాలు పెట్టాను. "గుమాస్తా చెడ్డవాడు కాదయ్యా, అలవాటు" అన్నారు. నిజమే, ఆయన చెడ్డవాడు కాదు. మూడో లాంతరును పిలిచినాయనా చెడ్డవాడు కాదు. మనమూ కాదు. మరి వాడెందుకు వెళ్ళిపోయినట్టు?

చివరికి ఒప్పుకున్నారు. ఇకమీదట ఎవరి కబురు వాళ్ళ ఫోనుకే వెళ్తుంది. ల్యాబులో ఎవరి టైట్రేషన్ ప్రయోగం వాళ్ళే చేయాలని నేను నియమం పెట్టాను. గురువారం ఆ పిల్ల బ్యూరెట్ పట్టుకుంది. మొదట చెయ్యి వణికింది. చుక్క చుక్కా వదిలి, సరిగ్గా లేత గులాబీ రంగు రాగానే ఆపింది. నీకెప్పుడూ చుక్కలు ఎక్కువై బీట్‌రూట్ రసమే కదా వచ్చేది!

మూడో లాంతరు పాలకొండలో తాపీ పని చేస్తున్నాడని ఎవరో అన్నారు. వాడి నంబరు నీ దగ్గర ఉందా? ఫోను చేసి ఏమనాలో ఇంకా... గంట కొట్టారు, పిల్లలు ల్యాబు దగ్గర నిలబడి ఉంటారు. నంబరు పంపు.

నీ
మొదటి లాంతరు