విజయవాడ సదస్సులో మమ్మల్ని కూర్చోబెట్టుకున్నవారికి

పనితీరు మెరుగుదల మీద విజయవాడలో జరిగిన సదస్సులో, కొత్తగా వచ్చిన మమ్మల్ని దగ్గరుండి చూసుకున్న సీనియర్లందరికీ నమస్కారాలు, కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. ఒకే టైముకి మూడు హాళ్లలో మూడు ప్రసంగాలు పెడితే, ఎటు పోవాలో తెలియక నిలబడ్డ నలుగురిని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరి మేడం గారు పిలిచి ఒక పక్కన కూర్చోబెట్టారు. ఒక ఆసుపత్రి నర్సమ్మ గారు, ఆర్టీసీ డిపో ఉద్యోగి, స్పిన్నింగ్ మిల్లు ట్రైనర్, నేను. "హాలు సంగతి తర్వాత. మీ దగ్గర తెమలని పని ఒక్కటి చెప్పండి. మిగతావాళ్లు వినాలి, సలహాలివ్వకూడదు" అన్నారు. సలహా ఇవ్వకుండా ఊరుకోవడం మనవైపు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు!

నా గొడవ ఇది. సీజన్లో టిక్కీలు, అంటే మిర్చి గోతాలు, చల్లటి ఛాంబర్లోకి వెళ్తాయి. రైతు అమ్ముకుందామని వచ్చిన రోజు ఆ లాట్ వెతకడానికి ఒక పూట పడుతుంది. తేజ రకం మిర్చి లాట్‌లో 334 రకం మిర్చి తేలిన సందర్భాలూ ఉన్నాయి. ఆఫీసులో ఎవరినడిగినా ఒకటే మాట: "గుమస్తాలకి ట్రైనింగ్ ఇప్పించండి."

మా బల్ల దగ్గరికొచ్చిన రిటైర్డ్ మాస్టారు ట్రైనింగ్ ఊసే ఎత్తలేదు. ప్రోగ్రాం కాగితం వెనక, పనిలో లోపం ఎక్కడుందో వెతకడానికి అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ గిల్బర్ట్ 1978లో చెప్పిన ఆరు గళ్లు గీశారు. పై వరసలో సమాచారం, పనిముట్లు, ప్రతిఫలం; ఇవి సంస్థ చేతిలోవి. కింది వరసలో తెలిసిన పని, చేయగల శక్తి, చేయాలన్న ఇష్టం, ఇవి మనిషిలోవి. వెతకడం పై వరస నుంచే మొదలుపెట్టాలట, అక్కడ సరిచేయడానికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ట్రైనింగ్ కింది వరసలో ఒక్క గడి, అంతే. ఇక ప్రశ్నలు: గోతం మీద లాట్ నంబరు ఎవరు వేస్తారు? దేంతో? అక్కడ వెలుతురెంత? తప్పు పడిందని వాళ్లకి ఎప్పుడు తెలుస్తుంది?

"ఆర్నెల్లకి, రైతు కేకలేసినప్పుడు" అన్నాను. ఆయన మాట్లాడకుండా సమాచారం గడిలో టిక్కు పెట్టారు.

గుంటూరు వచ్చి చూస్తే, నంబరు వేసే మనిషి వెనక ఒకే బల్బు. అతని నీడ అతని గోతం మీదే. తడి తగిలితే మార్కర్ అక్షరాలు అలుక్కుపోతున్నాయి. లైటు ముందుకి మార్పించాం, అచ్చు చీటీ కుట్టిస్తున్నాం, రోజూ సాయంత్రం గుమస్తాలే కొన్ని టిక్కీలు తీసి సరిచూసుకుంటున్నారు. ఫలితం సీజన్ అయ్యాక చెబుతాను, ఇప్పుడే డప్పు కొట్టను.

భోజనాల దగ్గర కూడా మమ్మల్ని వదల్లేదు మీరు. ప్లేటుతో పక్కకెళ్లి నిలబడితే చేయి పట్టుకుని తీసుకెళ్లి పరిచయాలు చేశారు. మధ్యాహ్నం ప్యానెల్ చర్చ మాత్రం సాగదీశారు, ఉన్నమాట చెప్పాలిగా. నిర్వాహకులకి ఒక్క విన్నపం: ఆ కొత్తవాళ్ల బల్లని వచ్చే ఏడు ప్రోగ్రాంలోనే అచ్చు వేయండి. అక్కడ కూర్చోవడానికి నన్నూ పిలవండి, వస్తాను.

నర్సమ్మ గారూ, మా ఛాంబర్లు చూస్తానన్నారు కదా, ఎప్పుడైనా రండి. మేలో వచ్చినా స్వెట్టర్ తెచ్చుకోండి.