లెక్కల పీరియడ్‌ను ఆవరణలోకి రానివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని. ఒకటి నుంచి మూడో తరగతి వరకు లెక్కలు చెబుతాను. మిమ్మల్ని కొత్త పథకం అడగడం లేదు, కొత్త భవనం అడగడం లేదు. లెక్కల పీరియడ్‌లో పిల్లల్ని గది బయటికి తీసుకెళ్లడం కూడా పాఠం చెప్పడమేనని ఒక కాగితం మీద రాయించి, ఎం.ఈ.ఓ. (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసుల దాకా పంపమని అడుగుతున్నాను.

ఇంత చిన్న విషయానికి మంత్రి దాకా రావాలా అనుకోవచ్చు. పిల్లలు చెట్టు కింద జీడిపిక్కలు పదేసి పోగులు పెడుతుంటే తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది "క్లాసు జరగడం లేదా?" అని. తర్వాత అడిగేది వర్క్‌బుక్ ఎన్నో పేజీలో ఉందని. ఆ పోగులు పెట్టిన పిల్లకు వందలో ఎన్ని పదులున్నాయో తెలిసిందా అని అడిగేవారు అరుదు. వారిని తప్పుపట్టను. వారి చేతిలోని ఫారంలో ఆ గడే లేదు. దాంతో మాలో చాలామంది ఎందుకొచ్చిన గొడవ అని తలుపు దగ్గరికేసి బోర్డు మీద లెక్కలు రాయించేస్తారు.

మా దగ్గర వేసవిలో కొందరు పిల్లలు తల్లుల పక్కన కూర్చుని రోడ్డు మీద తాటిముంజలు, జీడిమామిడి పళ్లు అమ్ముతారు. ముప్పై రెండు రూపాయల సరుకుకు యాభై నోటు ఇచ్చి చూడండి, పద్దెనిమిది తిరిగి చేతిలో పెట్టడానికి వాళ్లకు రెప్పపాటు చాలు. ముప్పై రెండుకు ఎనిమిది కలిపి నలభై చేస్తారు, ఆపైన ఒక పది. అదే పిల్ల పలక మీద 50 కింద 32 రాసి గీత గీసిందంటే జవాబు 22. సున్నాలోంచి రెండు పోదు కదా, అందుకని రెండులోంచి సున్నా తీసేసింది. ఇది మొద్దుతనం కాదు. పలక మీది 5 అంటే అయిదు పదులని ఆమెకు ఎవరూ చూపించలేదు. ఆమెకు అది ఒట్టి 5.

ఇది ఒక్క ఉద్దానం సంగతి కాదు. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల్ని పరిశీలించి, ఆ ఫలితాలను 2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. బజారులో పెద్ద పెద్ద బేరాలు నోటితో లెక్కకట్టే పిల్లలు బడి పద్ధతిలో రాసిచ్చిన అంతకంటే తేలిక లెక్కల దగ్గర ఆగిపోయారు. బడిలో బాగా చేసే పిల్లలను బజారు లెక్క అడిగితే వాళ్లూ తడబడ్డారు. పల్లె పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం. నూటికి అరవై ఆరుగురికి పైగా రాలేదన్నమాట. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం గడువు 2026-27. ఆ లోపు మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ చదవడం, ఇలాంటి లెక్కలు రావాలన్నది లక్ష్యం.

ఆ బజారు పిల్లల సంగతి బట్టి ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆరుబయట కూర్చోబెట్టినంత మాత్రాన లెక్కలు రావు. అలా వచ్చేదుంటే వాళ్లకు అన్నీ వచ్చి ఉండాలి. బయట చేసిన పనిని అదే పూట పలక మీదికి తేవాలి. ఈ రెండో సగం వదిలేస్తే మిగిలేది ఆటే. మొదటి సగం వదిలేస్తే మిగిలేది 22.

నేను చేసేది చెబుతాను. పది జీడిపిక్కలు ఒక చిన్న సంచిలో, పది సంచులు ఒక పెద్ద సంచిలో. అయిదు చిన్న సంచులిచ్చి ముప్పై రెండు పిక్కలు నాకు తిరిగి ఇమ్మంటాను. మూడు సంచులు వెంటనే వచ్చేస్తాయి. మిగతా రెండు పిక్కలకోసం పిల్ల ఇంకో సంచి ముడి విప్పక తప్పదు. ఆ ముడి విప్పడమే అప్పు తెచ్చుకోవడం. ఏం చేసిందో ముందు నోటితో చెప్పిస్తాను. తర్వాత మట్టిలో పుల్లతో సంచులకు గీతలు, పిక్కలకు చుక్కలు గీయిస్తాను. చివరికి పలక. అనుభవం, మాట, బొమ్మ, అంకె అనే ఈ వరుస నా సొంత కవిత్వం కాదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే ఉంది. పిక్కలతో గదిలో కూడా చేయవచ్చు కదా అంటారేమో. ముప్పై మంది తలా యాభై పిక్కలు పరిస్తే పదిహేను వందలు. రెండు తరగతులు ఇరుక్కుని కూర్చునే గదిలో అన్ని పోగులకు నేల ఎక్కడిది?

ఇక ముగ్గు. సంక్రాంతి నెలలో మా మూడో తరగతి ఆడపిల్లలు నాకే పాఠం చెబుతారు. ఏడు చుక్కలు పెట్టి, ఎదురు చుక్కతో (చుక్కకు ఎదురుగా చుక్క) రెండువైపులా ఒకటి వచ్చేదాకా తగ్గించుకుంటూ పొమ్మంటాను. 7, 5, 3, 1. మొత్తం ఎన్ని చుక్కలని అడిగితే మొదట ఒక్కొక్కటే వేలితో లెక్కపెడతారు. మధ్య వరుస ఒక్కటే, మిగతావన్నీ జంటలని ఎవరో ఒకరు కనిపెడతారు. అయిదూ మూడూ ఒకటీ తొమ్మిది, రెండు తొమ్ములు పద్దెనిమిది, ఏడు కలిపితే 25. అవే ఏడు చుక్కలు సందు చుక్కతో (రెండు చుక్కల సందులో ఒకటి) నాలుగు దాకా పెడితే 37. ముగ్గు మారితే పన్నెండు చుక్కలు ఎక్కడినుంచి వచ్చాయని ఒకరినొకరు అడుగుతారు. ఒకటి, మూడు, అయిదు, ఏడు కలిపితే పదహారని, ఆ పదహారునూ నాలుగు వరుసల్లో నాలుగేసి పేర్చవచ్చని పిక్కలతో చేసి చూపిస్తే ఆ రోజు పీరియడ్ గంట ఎవరికీ వినపడదు. మగపిల్లలు ముగ్గు మా పని కాదని మొదట్లో ముఖం తిప్పుకుంటారు. చుక్కల లెక్కలో ఆడపిల్లలు గెలుస్తుంటే వాళ్లే వచ్చి పిండి అడుగుతారు.

వంటగది దగ్గర కూడా పాఠం ఉంది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు బియ్యం వంద గ్రాములు. ముప్పై నాలుగు మంది వస్తే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తూచాలి. గుడ్ల అట్టకు ముప్పై గుంటలు, అయిదు ఆర్లు. ఒక అట్ట నిండుగా, ఇంకో అట్టలో నాలుగు. హాజరు వేశాక ఈ రెండు లెక్కలూ మా మూడో తరగతి చెప్పాకే వంటమ్మ బియ్యం తీస్తుంది. ఎక్కువ చెప్పినా తక్కువ చెప్పినా ఆమె ఊరుకోదు. నేను దిద్దేదానికంటే అది గట్టి దిద్దుబాటు.

శనివారం నో బ్యాగ్ డే పెట్టారు, సంతోషం. కానీ ఆరుబయట లెక్కను ఆ రోజుకే కట్టేయవద్దని మనవి. పిల్లలు ఎంత తెలివైనవాళ్లంటే, శనివారం చేసేది పరీక్షకు రాదని రెండో వారానికే పట్టేస్తారు. సోమవారం స్థానవిలువ పాఠం చెబుతుంటే సోమవారమే సంచి ముడి విప్పాలి. శనివారం దాకా ఆగితే పలకకూ నేలకూ మధ్య అయిదు రోజులు వచ్చిపడతాయి.

ఎండ సంగతి నాకు తెలియనిది కాదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక తొమ్మిది దాటితే మా ఆవరణలో నిలబడలేం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను కూల్చేసింది. మా బడి నీడ కూడా అప్పుడే పోయింది, తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే తల ఎత్తుతున్నాయి. అందుకే బయటి పని ప్రార్థన అయిన వెంటనే మొదటి పీరియడ్‌లో పెట్టుకుంటాం. వానాకాలంలో వరండా. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉన్నా ప్రహరీ లేని బడులు, రోడ్డును ఆనుకున్న బడులు ఇంకా ఉన్నాయి. అక్కడి టీచరును బయటికి వెళ్లమని బలవంతపెట్టకూడదు. తల్లిదండ్రుల మాట వేరు. "ఆడించడానికైతే మా ఇంటి దగ్గరే ఆడతారు కదా మేడమ్" అని ఒక తండ్రి మొహం మీదే అన్నాడు. పక్క ఊరి కాన్వెంటు బస్సు రోజూ మా గేటు ముందు నుంచే వెళ్తుంటే ఆయన అలా అనడంలో వింతేముంది! మాటలతో ఒప్పించలేకపోయాను. కొడుకు కొబ్బరికాయల పోగును పుంజీల లెక్కన నాలుగేసి ఎంచి, అదే నాలుగో ఎక్కమని రాసి చూపించాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఉత్తర్వులో ఏం ఉండాలంటే, తనిఖీకి వచ్చినవారు నోటుబుక్కు తిరగేసేముందు ఒక పిల్లను పిలిచి పది వస్తువులో, ఒక తాడో చేతికిచ్చి ఏదైనా చేసి చూపించమనాలి. తర్వాత అదే లెక్క పలక మీద అడగాలి. రెండూ కుదిరితే పాఠం అయినట్టు, వర్క్‌బుక్ ఎన్నో పేజీలో ఉన్నా సరే. దయచేసి దీనికి ఫోటోలు, వీడియోలు అప్‌లోడ్ చేయమనే నిబంధన మాత్రం పెట్టకండి. పెట్టిన మర్నాటినుంచి పిల్లలు కెమెరా వైపు తిరిగి పిక్కలు పేరుస్తారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో స్లైడ్లు చూపించే బదులు మమ్మల్నే ఆవరణలో కూర్చోబెట్టి ఈ పని చేయించండి. తాళ్లు, గుడ్డ సంచులు, ఒక త్రాసు, ఒక కొలటేపు బడి గ్రాంటులోంచి కొనుక్కోవచ్చని ఒక వాక్యం చేర్చితే ఆడిట్‌లో హెచ్‌.ఎం.లకు తిప్పలుండవు.

ఇంకొక్కటి. వచ్చే జూన్‌కు గణితం వర్క్‌బుక్కులు అచ్చుకు వెళ్లేముందు ఒకటి నుంచి మూడు తరగతుల పుస్తకాల్లో ప్రతి పాఠం మొదట్లో సగం పేజీ ఖాళీగా వదిలించండి. పైన "బయట ఏం చేశాం? బొమ్మ గీయండి" అని ఒక్క లైను చాలు. ఆ సగం పేజీ సిలబస్‌లో భాగమైతే దాన్ని నింపడానికి మేం బయటికి వెళ్లాల్సిందే, అడిగేవారికి చూపించడానికి మా దగ్గర పేజీ నంబరు కూడా ఉంటుంది.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని