కసురుకోవద్దు అమ్మణ్ణీ

నెల్లూరు,
ఆదివారం

అమ్మణ్ణీ,

ఇదంతా ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నువ్వు ఫోనెత్తేసరికి అర్ధరాత్రి అవుతుంది, రెండు మాటలు మాట్లాడేలోపు వార్డు నుంచి పిలుపొస్తుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా. తీరికున్నప్పుడు చదువుకో.

మొన్న చాలా కోపంగా ఉన్నావు. ఉదయగిరి వైపు నుంచి మూడు నెలలు దాటిన బిడ్డను తెచ్చారనీ, పైత్యరసం లివర్‌లోంచి పేగుకు దిగే గొట్టాలు మూసుకుపోయే బైలియరీ అట్రీషియా అనీ, లివర్ అప్పటికే గట్టిపడిపోయిందనీ, ఇక పైత్యరసానికి దారి వేసే కసాయ్ ఆపరేషన్‌కు టైం దాటిపోయినట్టేననీ చెప్పావు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు నాయనా వీళ్లు? కళ్లు పచ్చగా కనపడుతుంటే ఇంట్లో పెట్టుకుని కూర్చుంటారా?" అన్నావు. ఆ తల్లిని కూడా అదే అడిగానన్నావు. నీ కోపం నాకర్థమైంది. పీడియాట్రిక్స్ చదివి, మళ్లీ ఈ లివర్ ఫెలోషిప్‌లో చేరి, మద్రాసులో రాత్రీ పగలూ పనిచేస్తున్నదానివి, చేయి దాటిపోయాక బిడ్డను చూస్తే ఒళ్లు మండదా మరి. కానీ ఆ మూడు నెలలు ఎలా గడిచాయో నీ వార్డులోంచి కనపడదు. ల్యాబ్ కౌంటర్ వెనక నిలబడ్డ నాకు కొంత కనపడుతుంది.

పుట్టిన రెండో రోజో మూడో రోజో బిడ్డ పచ్చబడతాడు. చాలామంది పసివాళ్లకు అవుతుంది కాబట్టి ఎవరూ కంగారు పడరు. అవసరమైతే లైటు కింద పెడతారు, పొద్దుటి ఎండ చూపించమని ఇంటికి పంపుతారు. రెండు వారాలైనా పచ్చదనం పోకపోతే మళ్లీ తీసుకెళ్తారు. "తల్లిపాల కామెర్లు, అవే తగ్గుతాయి" అని జవాబు. నిజంగానే చాలామందికి అవే తగ్గుతాయి, చిక్కంతా అక్కడే. పైగా ఈ జబ్బున్న బిడ్డ మొదట్లో జబ్బుపడ్డట్టే ఉండడు. పాలు తాగుతాడు, బొద్దుగా ఉంటాడు, నవ్వుతాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు బిడ్డ బంగారంలా మెరుస్తున్నాడని మురిసిపోయి వెళ్తారు. ఆ తర్వాత ఎవరో ఆకు పసరు పోసే ఊరి పేరు చెబుతారు. అక్కడ మూడు వారాలు. కొన్ని ఊళ్లలో ఇంకా పొట్టమీద వాతలు పెడుతున్నారు. సూది గుచ్చేటప్పుడు చొక్కా పైకి లేస్తే ఆ మచ్చలు చూశాను.

పోయిన ఎండాకాలం ఒక పెద్దామె మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. నెలా పది రోజుల బిడ్డ. పక్కన కోడలు, ఆ పిల్లకు ఇరవై ఏళ్లుంటాయేమో. చీటీలో "సీరం బిలిరూబిన్, టోటల్" అని ఒక్క ముక్క రాసి ఉంది, అంటే రక్తంలో ఆ పచ్చదనం మొత్తం ఎంతో చూడమని. రక్తం తీసుకున్నాక పెద్దామె కదల్లేదు. సంచిలోంచి పాలిథిన్ కవరు తీసి, అందులోంచి మడత పెట్టిన గుడ్డలు బయటకు తీసింది. వాళ్లాయన పాత పంచె చింపి బిడ్డ కింద వేసినవి. "అబ్బయ్యా, ఈ పచ్చ మరక సబ్బుకీ పోవట్లేదు, సోడాకీ పోవట్లేదు. మా పిల్లలెవరికీ ఇట్లా లేదు" అంది. ఉచ్చ మరక. పసిబిడ్డ ఉచ్చకు రంగుండకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఉతికిన చేతులకు తెలిసింది. రెండో గుడ్డ విప్పింది. ఆవపిండి రంగులో ఉండాల్సిన దొడ్డి తడిసిన సుద్దముక్క రంగులో ఉంది. ఈ కవరును ఆమె అప్పటికే రెండుచోట్లకు తీసుకెళ్లిందట. రెండుచోట్లా దాన్ని విప్పమని అడిగినవాళ్లు లేరు.

నేను డైరెక్ట్ కూడా వేశాను, అంటే లివర్ తన పని చేసి పంపినా పేగులోకి దిగక రక్తంలోకే తిరిగొచ్చిన బిలిరూబిన్ ఎంతో చూసే పరీక్ష. రెండు వారాలు దాటిన బిడ్డ ఎవరొచ్చినా చీటీలో ఉన్నా లేకపోయినా వేస్తాను, దానికి డబ్బులు తీసుకోను. డయాజో రంగుమందు కలపగానే, మిగతా బిలిరూబిన్‌ను కూడా తేల్చే యాక్సిలరేటర్ వేయకముందే, ట్యూబు గులాబీ రంగు తిరిగింది. మొత్తంలో సగానికి పైగా డైరెక్టే. రెండు వారాల తర్వాత డైరెక్ట్ ఒక మిల్లీగ్రాము దాటినా వదిలిపెట్టకూడదు, ఇది ఐదు దాటింది. చీటీ రాసిన డాక్టరుగారికి ఫోన్ చేస్తే "అడిగింది రాసివ్వండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నేనేం గొడవ పడలేదు. నాకు తెలిసిన ఇంకో పిల్లల డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన ముందు విటమిన్ కె ఇంజెక్షన్ చేయించి, తర్వాతే మద్రాసు రైలెక్కమన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అందుకే. పైత్యరసం పేగులోకి దిగని బిడ్డకు విటమిన్ కె ఒంటబట్టదు, దారిలోనే తలలో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది. ఆ ఒక్క ఇంజెక్షన్ మరిచిపోయి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఉదయగిరి తల్లి కూడా ఇంట్లో కూర్చుని ఉండదు అమ్మణ్ణీ. తిరుగుతూనే ఉండి ఉంటుంది. తిరిగిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఏం ఫర్వాలేదని పంపించి ఉంటారు. ఇప్పుడు నువ్వు "ఏం చేస్తున్నారు ఇన్నాళ్లూ" అంటే, ఆ పిల్ల జవాబు చెప్పదు. అక్కడ అత్తగారు పక్కనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఒకసారి కసురుకుంటే తర్వాత నీకు నిజం చెప్పరు. పసరు పోశారా అంటే లేదంటారు. ఏ ఆకు, ఎన్నిసార్లు, అందులో ఇంకేం కలిపారు అన్నది నీకు కావాల్సిన సమాచారం. లివర్ ఉన్నట్టుండి దెబ్బతినే అక్యూట్ లివర్ ఫెయిల్యూర్‌తో వచ్చిన పెద్దపిల్లల విషయంలో అయితే మరీ. మోతాదు మించితే లివర్‌నే దెబ్బతీసే పారాసెటమాల్ సిరప్‌ను జ్వరానికి గంటకోసారి పోశామని భయపడే తల్లి చెబుతుందా? "మా ఊళ్లో కూడా పసరు పోస్తారులే, నువ్వెక్కడ పోయించావు?" అని మామూలుగా అడిగి చూడు. నెల్లూరు యాసలో అడిగితే ఇంకా మంచిది. ఆ వార్డులో నీకున్న వాటం అది, మీ సీనియర్లందరికీ లేదు.

కోపాన్ని మింగేయమనట్లేదు. అది ఖర్చు పెట్టాల్సిన చోటు వేరే ఉంది. కేస్ షీట్లో "ఎవరెవరికి, బిడ్డ ఎన్నో రోజున చూపించారు" అని ఒక వరుస రాసుకో. తర్వాత ఆ డాక్టర్లకు నువ్వే ఫోన్ చెయ్యి. తప్పు పట్టడానికి కాదు. "సార్, మీ దగ్గరికి వచ్చిన ఫలానా బిడ్డకు ఇది తేలింది, ఇలాంటివాళ్లు వస్తే నా నంబరుకు చేయండి" అని. వాళ్లూ రోజుకు వందమందిని చూసేవాళ్లు, పంపిన బిడ్డ ఏమయ్యాడో వాళ్లకు తిరిగి చెప్పేవాళ్లుండరు. ఒకసారి చెబితే ఇక జన్మలో మరిచిపోరు. తైవాన్‌లో తల్లి బిడ్డ దొడ్డి రంగును పోల్చి చూసుకునే రంగుల కార్డు 2002లో మొదలుపెట్టి, 2004 నుంచి దేశమంతా బిడ్డ ఆరోగ్య పుస్తకంలోనే పెట్టారని నువ్వే చెప్పావు కదా, అరవై రోజుల్లోపు ఆపరేషన్ దొరికే పిల్లలు పెరిగారని కూడా. అక్కడ చూసింది తల్లే. ఆమెకు ఏం చూడాలో చెప్పారు, ఆమె చెబితే వినేవాళ్లను పెట్టారు. ఇప్పుడు మన దగ్గర డైపర్లు వచ్చాక ఆ గుడ్డలు ఉతికేవాళ్లు కూడా తగ్గిపోయారు.

అన్నట్టు, కసాయ్ అన్న పేరు వినగానే మన తల్లులు ఉలిక్కిపడతారు. అది సెండాయ్ నగరంలో ఈ ఆపరేషన్ కనిపెట్టిన జపాన్ డాక్టరు పేరని ముందే చెప్పు.

ల్యాబ్‌వాడి మాటలు కూడా నాలుగు విను. మీ ల్యాబ్‌వాళ్ల మీద విసుక్కుంటున్నావని నీ గొంతులోనే తెలిసింది. రక్తం గడ్డకట్టే టైం చూసే పీటీ శాంపిల్‌కు నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. తొమ్మిది పాళ్ల రక్తానికి, గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ ఒక పాలు. పసిబిడ్డ, నరం దొరకలేదు, సగమే వచ్చిందని పంపావనుకో, గడ్డకట్టడం ఎంత ఆలస్యమో చెప్పే ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. మీ దగ్గర ఆ అంకెను చూసే కదా ట్రాన్స్‌ప్లాంట్ మాట ఎత్తేది. వాళ్లు శాంపిల్ తిరగ్గొడితే థాంక్స్ చెప్పు. లివర్ పనిచేయకపోతే రక్తంలో పెరిగే అమ్మోనియా శాంపిల్ ఐసులో పెట్టి వెంటనే పంపాలి, ట్రేలో పెట్టి ఇంకో బెడ్డు చూసొస్తానంటే అంకె పెరుగుతూ కూర్చుంటుంది. మార్చిన లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్‌కు పొద్దుటి డోసు వేయకముందే రక్తం తీయాలి. ఆరాటం కొద్దీ తల్లి ముందే మందు వేసేసి ఉంటుంది, అడగకుండా సూది పెట్టొద్దు. ఇవన్నీ నీకు తెలుసు, చదివావు. తెల్లారి నాలుగింటికి కూడా గుర్తుండాలని రాస్తున్నా.

దాతల సంగతి అడిగావు. లివర్‌లో ముక్క ఎవరిస్తారనే దగ్గర మన ఇళ్లల్లో జరిగేది నేనెరుగుదును. బిడ్డ నాన్న సరిపోతాడని తేలినా, "మగవాడు, సంపాదించేవాడు, కోత పడితే ఎట్లా" అని చివరికి తల్లినే ముందుకు తోస్తారు. తల్లి తనంతట తాను ఇస్తానంటే చేతులెత్తి మొక్కాలి, చాలామంది అలా ఇస్తారు కూడా. కానీ ఆమెతో ఒంటరిగా మాట్లాడకుండా ఆ సంతకం తీసుకోవద్దు. అత్త, ఆడబిడ్డ, మరిది, అందరినీ బయట కూర్చోబెట్టి అడుగు. వద్దనుకుంటే "మెడికల్‌గా సరిపోలేదు" అని మీ టీమ్ చెప్పే దారి ఉంటుందని ఆమెకు తెలియాలి. మనవడికి ఇస్తామని అవ్వాతాతలు వస్తారు చూడు, వాళ్లను వయసు చూసి నవ్వి పంపేయొద్దు. 1994 అవయవ మార్పిడి చట్టంలో దగ్గరి బంధువుల్లో వాళ్లు లేరు, 2011 సవరణతో వచ్చారు. వయసు వల్ల కుదరకపోవచ్చు. అది పరీక్షలు చేశాక మర్యాదగా చెప్పాల్సిన మాట.

నింద కూడా తల్లి మీదికే వస్తుంది. గ్రహణం రోజు బయటికెళ్లిందని, బొప్పాయి తిన్నదని. బైలియరీ అట్రీషియాకు వాటితో సంబంధం లేదు, మేనరికంతోనూ కాదు. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బుకో, పైత్యరసం సరిగా పారక దురదతో రాత్రంతా గోక్కునే ఆ పీఎఫ్ఐసీకో అయితే మేనరికం మాట ఎత్తాల్సిందే, తర్వాతి కాన్పు గురించి చెప్పాల్సిందే. అప్పుడు కూడా జబ్బు జీన్ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చాయని ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పు. ఆ రెండో సగం మన ఇళ్లల్లో ఎవరికీ వినపడదు.

ఆపరేషన్ ఖర్చు ఎస్టిమేట్ లెటర్లు నువ్వే రాస్తున్నావట. సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టుకునేవాళ్లకు బిడ్డ పేరు, నాన్న పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయి. ఒక్క అక్షరం తేడా ఉందని కాగితం వెనక్కొస్తే, ఆ మనిషి మళ్లీ మద్రాసు రావాలి, రోజు కూలి పోతుంది.

ఆ ఐసీయూ పాప పోయిన రాత్రి నువ్వు ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. నాకు చెప్పలేదేమని అడగను. ఒక్కటి మాత్రం చెబుతా. 1963లో డెన్వర్‌లో స్టార్జల్ అనే సర్జన్ మొదటిసారి మనిషికి లివర్ మార్చినప్పుడు ఆ మనిషి మూడేళ్ల పిల్లవాడు, జబ్బు ఇదే బైలియరీ అట్రీషియా. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. మన దేశంలో 1998లో కంచికి చెందిన రెండేళ్లు నిండని సంజయ్ కందసామిని వాళ్ల నాన్న ఢిల్లీకి తీసుకెళ్లి, తన లివర్‌లో ముక్క ఇచ్చి బతికించుకున్నాడు. ఆ పిల్లాడిదీ ఇదే జబ్బు. పెరిగి డాక్టరయ్యాడు. అప్పుడు కంచివాళ్లు ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది, ఇప్పుడు ఉదయగిరివాళ్లకు మద్రాసు చాలు. నీ పాప పోయిన దుఃఖం దీనివల్ల తగ్గుతుందని నేననట్లేదు. మర్నాడు డ్యూటీకి వెళ్లావు చూడు, అది నాకు చాలు. సెలవు దొరికితే మాత్రం నిద్రపో, నాకు ఫోన్ చేయకపోయినా ఫర్వాలేదు.

మీ అమ్మ చింతకాయ పచ్చడి, కారప్పొడి కట్టి పెట్టింది. శుక్రవారం మన వీధి రమణయ్య కూతురు పొద్దుటి బండికి వస్తోంది, తన చేత పంపిస్తాం. మీ జేజి నువ్వు చిక్కిపోయావని వీడియోలో చూసినప్పటి నుంచి గొడవ.

ఉదయగిరి బిడ్డను ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో పెట్టారా, ఆ తల్లితో మళ్లీ మాట్లాడావా, రాయి. ఇంకో పని కూడా ఉంది. దొడ్డి రంగుల కార్డు నేను ఇక్కడ జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి ల్యాబ్ గోడకు అంటిస్తే, సుద్ద రంగు కాస్తా లేత పసుపుగా పడింది. అలా ఉంటే లేకపోవడమే నయం, తీసేశాను. మీ యూనిట్‌లో సరిగ్గా అచ్చువేసిన కార్డులుంటే ఓ యాభై పంపు, కింద తెలుగులో రాసే జాగా వదిలినవైతే మంచిది. ఇక్కడి పిల్లల డాక్టర్లకు, కాన్పుల ఆస్పత్రులకు నేనే తిరిగి ఇస్తాను. నీ యూనిట్ నంబరు కూడా కార్డు మీద వేయొచ్చో లేదో మీ సార్‌ను అడిగి చెప్పు.

మీ నాయన